ఎంసీబీ ఉన్నా షాక్ ఎందుకు కొడుతుంది? లీకేజీ రక్షణ పరికరాలు పనిచేసే తీరు

సంక్షిప్తంగా: స్విచ్‌బోర్డులోని సాధారణ ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే దానంతట అది తెగిపోయే స్విచ్) కాపాడేది వైర్లను. మనుషులను షాక్ నుంచి కాపాడటానికి ఉద్దేశించినవి ఆర్‌సీసీబీ, ఆర్‌సీబీవో, జీఎఫ్‌సీఐ సాకెట్ వంటి లీకేజీ రక్షణ పరికరాలు. ఫేజ్ వైరులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా కనిపించగానే ఇవి సరఫరాను తెంచేస్తాయి. షాక్ తీవ్రతను ఇవి తగ్గించలేవు, అది తగిలే కాలాన్ని మాత్రమే కుదిస్తాయి. ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకున్న మనిషిని ఇవి గుర్తించలేవు.

కరెంట్ షాక్ తగిలిన ఇంట్లో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: బోర్డులో ఎంసీబీ ఉంది కదా, అది ఎందుకు పడిపోలేదు? ఎంసీబీ పాడైపోయిందనో, నాసిరకం సరుకనో అనుకుని దాన్ని మార్చడం కూడా జరుగుతుంది. నిజానికి చాలా సందర్భాల్లో ఆ ఎంసీబీలో ఏ లోపమూ ఉండదు. దానికి అప్పగించిన పని వేరు, దాని నుంచి ఆశిస్తున్న పని వేరు. ఈ తేడా అర్థం కావాలంటే కొన్ని అంకెల దగ్గర కాసేపు ఆగాలి.

ఎంసీబీ కంటికి మనిషి, బల్బు ఒకటే

16 ఆంపియర్ల ఎంసీబీ తన గుండా వెళ్లే మొత్తం కరెంటును మాత్రమే చూస్తుంది. ఆ కరెంటు పరిమితిని దాటి కొంతసేపు కొనసాగితే లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగి సర్క్యూటును తెంచుతుంది. షార్ట్ సర్క్యూట్ వంటి పెద్ద ఉప్పెన వస్తే అందులోని విద్యుదయస్కాంతం తక్షణం లాగేస్తుంది. ఇళ్లలో ఎక్కువగా వాడే ‘సీ’ రకం ఎంసీబీలో ఈ తక్షణ చర్యకు, రాసి ఉన్న కరెంటుకు 5 నుంచి 10 రెట్లు, అంటే 16 ఆంపియర్ల దానిలో 80 నుంచి 160 ఆంపియర్లు ప్రవహించాలి.

మరి షాక్ తగిలిన మనిషి గుండా వెళ్లేది ఎంత? తడి చేతులతో, ఉత్త కాళ్లతో నేల మీద నిలబడి ఫేజ్‌ను తాకిన మనిషి శరీర నిరోధాన్ని సుమారు 1,000 ఓమ్‌లుగా తీసుకుంటే, 230 వోల్ట్ల సరఫరాలో అతని గుండా 0.23 ఆంపియర్ ప్రవహిస్తుంది. ప్రాణం తీయడానికి అది చాలా ఎక్కువ. అదే సరఫరాలో 60 వాట్ల పాతకాలపు బల్బు తీసుకునేది 0.26 ఆంపియర్. అంటే షాక్‌కు గురైన మనిషి ఎంసీబీకి, ఎవరో ఒక బల్బు వేసినట్టుగా, అంతకన్నా కాస్త తక్కువగానే కనిపిస్తాడు. అది పడిపోవడానికి కారణమే లేదు.

కరెంటూ కాలమూ కలిస్తేనే ప్రమాదం

విద్యుదాఘాతాన్ని వోల్టుల్లో చెప్పుకోవడం అలవాటైంది గాని, శరీరానికి జరిగే హానిని నిర్ణయించేవి రెండు: ఎంత కరెంటు ప్రవహించింది, ఎంతసేపు ప్రవహించింది. 50 లేదా 60 హెర్ట్జ్‌ల ఏసీ సరఫరాలో అర మిల్లీ ఆంపియర్ నుంచి ఒక మిల్లీ ఆంపియర్ దాకా ఉంటే చిన్న చురుక్కుమనే స్పర్శ తెలుస్తుంది. మిల్లీ ఆంపియర్ అంటే ఆంపియర్‌లో వెయ్యో వంతు. 10 మిల్లీ ఆంపియర్ల పరిసరాల్లోకి వచ్చేసరికి చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వైరును వదలలేని స్థితి మొదలవుతుంది. ‘కరెంట్ పట్టేసింది’ అని జనం చెప్పే మాటకు శరీరశాస్త్రపరమైన అర్థం ఇదే. కరెంటు మనిషిని లాగదు, అతని వేళ్లే ముడుచుకుపోయి విప్పుకోవు. అంతకు మించితే ఛాతీ కండరాలు బిగిసి ఊపిరి ఆడటం కష్టమవుతుంది.

వీటన్నిటికన్నా భయంకరమైనది గుండె జఠరికలు లయ తప్పి వణకడం. దీనినే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. ఆ స్థితిలో గుండె కదులుతూనే ఉంటుంది గాని రక్తాన్ని పంపు చేయలేదు, కరెంటు ఆగిన తరువాత కూడా దానంతట అది సర్దుకోవడం అరుదు. కరెంటు సెకన్ల కొద్దీ ప్రవహిస్తే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు దాటిన దగ్గర నుంచి ఈ ముప్పు మొదలవుతుందని, సెకనులో నూరో వంతులో ఆగిపోతే 500 మిల్లీ ఆంపియర్ల దాకా ముప్పు స్వల్పమని అంతర్జాతీయ ప్రమాణాలు లెక్కగడతాయి. ఇంత తేడాకు కారణం గుండె లయలోనే ఉంది. ప్రతి స్పందనలో ఒక చిన్న భాగంలో మాత్రమే గుండె కండరం ఈ తరహా అలజడికి లోబడుతుంది. ఒక్క స్పందన పట్టే కాలం కన్నా ఎంతో తక్కువ కాలంలో కరెంటు ఆగిపోతే, ఆ బలహీన క్షణం మీద అది పడే అవకాశం తగ్గుతుంది. లీకేజీ రక్షణ పరికరాల రూపకల్పన అంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది.

పోయినంతా తిరిగి రావాలి

ఈ పరికరం పద్ధతి జమాఖర్చుల పుస్తకం వంటిది. ఒక సర్క్యూటులోకి ఫేజ్ ద్వారా ఎంత కరెంటు వెళ్తే అంతా న్యూట్రల్ ద్వారా తిరిగి రావాలి. ఫ్యాను తిరిగినా, హీటరు వేడెక్కినా కరెంటు ఖర్చయిపోదు, ఖర్చయ్యేది శక్తి మాత్రమే. కాబట్టి వెళ్లిన కరెంటుకూ వచ్చిన కరెంటుకూ తేడా ఉందంటే, ఆ తేడా మరో దారిన నేలలోకి పోతోందని అర్థం. ఆ దారి ఎర్త్ వైరు కావచ్చు, తడిసిన గోడ కావచ్చు, మనిషి శరీరం కావచ్చు.

ఈ తేడాను పట్టడానికి పరికరంలో ఒక గుండ్రని ఉంగరం వంటి అయస్కాంతపు కోర్ ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్ రెండూ దాని మధ్య నుంచే వెళ్తాయి. రెండింటిలో కరెంటు ఎదురెదురు దిశల్లో సమానంగా ఉన్నంతకాలం అవి పుట్టించే అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తేడా వచ్చిందంటే కోర్‌లో కొంత క్షేత్రం మిగులుతుంది, దానికి చుట్టిన సన్నని తీగచుట్టలో వోల్టేజి పుడుతుంది, ఆ సంకేతం రిలేను కదిలిస్తుంది, రిలే కాంటాక్టులను విడదీస్తుంది. ఏసీ వేసినా, గీజరు వేసినా, రెండూ కలిపి వేసినా ఈ లెక్క చెడదు. అందుకే 20 ఆంపియర్లు మామూలుగా ప్రవహిస్తున్నప్పుడు కూడా అందులో 0.03 ఆంపియర్ తప్పిపోతే ఇది కనిపెట్టగలదు.

రిలేను కదిలించే తీరులో రెండు సంప్రదాయాలున్నాయి. ఒక దానిలో శాశ్వత అయస్కాంతం పట్టి ఉంచిన చిన్న లోహపు ముక్కను లీకేజీ వల్ల పుట్టిన శక్తే విడిపిస్తుంది, దానికి వేరే సరఫరా అక్కర్లేదు. రెండవ దానిలో ఎలక్ట్రానిక్ సర్క్యూటు ఆ సంకేతాన్ని పెంచి పని చేయిస్తుంది. ఆ సర్క్యూటు నడవడానికి మెయిన్స్ సరఫరా కావాలి. ఈ రెండవ రకంలో ఒక చిక్కుంది. పరికరానికి ముందు ఎక్కడో న్యూట్రల్ తెగిపోతే ఎలక్ట్రానిక్స్‌కు సరఫరా ఆగిపోతుంది గాని ఫేజ్ మాత్రం సాకెట్ దాకా వస్తూనే ఉంటుంది. లైట్లు వెలగవు కాబట్టి కరెంటు లేదనుకుంటారు, పట్టుకుంటే కొడుతుంది, రక్షణ పరికరం నిద్రపోతుంది. కొన్ని పోర్టబుల్ పరికరాల్లో న్యూట్రల్ పోగానే కాంటాక్టులు విడిపోయే ఏర్పాటు చేయడం ఇందుకే.

30 ఎక్కడిది, 5 ఎక్కడిది

ఈ పరికరాలు వాడే దేశాల్లో రెండు అంకెలు కనిపిస్తాయి. 230 వోల్ట్ల సరఫరా ఉన్న చాలా దేశాల్లో మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లు ప్రమాణం. 120 వోల్ట్ల అమెరికాలో సాకెట్‌లోనే అమర్చే జీఎఫ్‌సీఐ 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల మధ్య ట్రిప్ కావాలి. ఒకే మనిషి శరీరానికి రెండు కొలతలు ఎందుకన్న సందేహం సహజం.

అమెరికా అంకె వెనుక చార్లెస్ డాల్జియల్ ప్రయోగాలున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఆచార్యుడైన ఆయన, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వారిపై స్వల్ప కరెంటు ప్రవహింపజేసి, ఎంతవరకు వైరును వదలగలుగుతున్నారో కొలిచాడు. సగటున పురుషులు 16 మిల్లీ ఆంపియర్ల వరకు, స్త్రీలు 10.5 వరకు వదలగలిగారు. దాదాపు అందరూ వదలగలిగే స్థాయి కావాలంటే స్త్రీలకు 6 దగ్గరే ఆగవలసి వచ్చింది. 1961లో ఆయన రూపొందించిన జీఎఫ్‌సీఐకి ఆ పరిధి అలా స్థిరపడింది. ఆ దేశపు నియమావళి ఈ రక్షణను ఒక్కసారిగా ఇంటి మొత్తానికి విధించలేదు. ఈత కొలనుల దగ్గర మొదలుపెట్టి, 1975లో స్నానపు గదుల సాకెట్లకు, 1987లో వంటింటి సాకెట్లకు విస్తరిస్తూ వచ్చింది. నీరూ కరెంటూ కలిసే చోట్ల నుంచి బయటికి జరిగిన విస్తరణ అది.

మరో పాయ దక్షిణాఫ్రికాలో మొదలైంది. అక్కడ హెన్రీ రూబిన్ 1950ల మధ్యలో బంగారు గనుల అవసరాల నేపథ్యంలో ఇటువంటి పరికరంపై పని చేసి, తరువాత 20 మిల్లీ ఆంపియర్లకే స్పందించే ఇంటి వాడకపు నమూనాను తయారుచేశాడు. ఐరోపాలోనూ సమాంతరంగా పరిశోధన జరిగి 30 దగ్గర ప్రమాణం కుదిరింది. బ్రిటన్‌లో 2008 వైరింగ్ నియమాలతో సాధారణ వాడకపు సాకెట్లకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ మామూలు నియమమైంది.

అంకెలను పక్కపక్కన పెడితే 5 మిల్లీ ఆంపియర్లది స్పష్టంగా మెరుగైన రక్షణగా కనిపిస్తుంది. కాలాన్ని కూడా చేరిస్తే లెక్క మారుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల పరికరం, తన పరిమితి వద్ద 300 మిల్లీ సెకన్లలోగా, దానికి ఐదు రెట్లయిన 150 మిల్లీ ఆంపియర్ల వద్ద 40 మిల్లీ సెకన్లలోగా ట్రిప్ కావాలి. 50 హెర్ట్జ్‌ల సరఫరాలో 40 మిల్లీ సెకన్లంటే సరిగ్గా రెండు ఆవర్తనాలు. జీఎఫ్‌సీఐకి 6 మిల్లీ ఆంపియర్ల వద్ద ప్రమాణం 5 సెకన్లకు పైగా వ్యవధి ఇస్తుంది, కరెంటు పెరిగేకొద్దీ ఆ వ్యవధి వేగంగా తగ్గుతుంది. జీఎఫ్‌సీఐ ‘వదలగలిగే స్థాయి’ని, 30 మిల్లీ ఆంపియర్ల పరికరం ‘గుండె లయ తప్పని స్థాయి’ని గీతగా తీసుకున్నాయి.

30 మిల్లీ ఆంపియర్ల పద్ధతిలో ఒక వెలితి ఉన్నమాట నిజం. ప్రమాణం ప్రకారం 15 మిల్లీ ఆంపియర్ల లోపు అది ట్రిప్ కాకూడదు. 10 నుంచి 15 మధ్య కరెంటు ప్రవహిస్తున్న మనిషి వైరును వదలలేని స్థితిలో ఉండవచ్చు, పరికరం కదలకపోవచ్చు. అయితే 230 వోల్ట్ల దగ్గర తడి స్పర్శ జరిగితే కరెంటు ఆ సన్నని పరిధిలో ఆగడం అరుదు, ఒక్కసారిగా 30ని దాటిపోతుంది. ఈ వెలితిని కూడా ఒప్పుకోలేని చోట్లకు 10 మిల్లీ ఆంపియర్ల పరికరాలున్నాయి.

పేర్ల గందరగోళం, దాని వెనుక అసలు ప్రమాదం

ఈఎల్‌సీబీ అన్న మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. పాత ఈఎల్‌సీబీలు పరికరపు లోహపు తొడుగుకూ నేలకూ మధ్య వోల్టేజిని చూసేవి. పైన చెప్పిన జమాఖర్చుల పద్ధతిలో పనిచేసేది ఆర్‌సీసీబీ. వాడుకలో ఈఎల్‌సీబీ అని అడిగినా ఇప్పుడు చేతికి వచ్చేది సాధారణంగా ఇదే. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ తెలియవు, దానికి తోడుగా ఎంసీబీ ఉండి తీరాలి. రెండు పనులనూ ఒకే డబ్బాలో చేసేది ఆర్‌సీబీవో. దీనివల్ల ఒక సర్క్యూటులో లీకేజీ వస్తే ఆ ఒక్కటే ఆగుతుంది, ఇల్లంతా చీకటి కాదు.

పేరు కన్నా ముఖ్యంగా చూడవలసింది పరికరం మీద ముద్రించిన మిల్లీ ఆంపియర్ల అంకె. 100, 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు కూడా ఉన్నాయి. 300 మిల్లీ ఆంపియర్లది లీకేజీ వల్ల రేగే అగ్నిప్రమాదాలను అరికట్టడానికి, కింది పరికరాలతో సమన్వయం కోసం మెయిన్ దగ్గర పెట్టేది. కొన్నింటిలో కావాలనే ఆలస్యం కూడా ఉంటుంది. పైన లెక్కగట్టిన 230 మిల్లీ ఆంపియర్ల షాక్ తగిలితే అది కదలకుండా ఉండిపోవచ్చు. ‘మెయిన్‌లో ఆర్‌సీసీబీ ఉంది’ అన్న ధైర్యం ఈ అంకె చూడకుండా చెల్లదు.

ఎర్తింగ్‌తో సంబంధం

లీకేజీ పరికరం పనిచేయడానికి ఎర్త్ వైరు అవసరం లేదు. అది చూసేది రెండు వైర్ల తేడానే. అందుకే ఎర్త్ లేని పాత ఇళ్లలో సైతం జీఎఫ్‌సీఐ సాకెట్‌ను, ఎర్త్ లేదన్న గుర్తుతో, అమర్చడానికి అమెరికా నియమావళి ఒప్పుకుంటుంది. అంతమాత్రాన ఎర్తింగ్ అనవసరమని కాదు. వాషింగ్ మెషీన్ లోపల ఇన్సులేషన్ పోయి బాడీకి ఫేజ్ తగిలిందనుకుంటే, ఎర్త్ ఉన్నచోట లీకేజీ ఆ క్షణంలోనే ఎర్త్ వైరులోకి ప్రవహించి పరికరం ట్రిప్ అవుతుంది, ఎవరూ తాకనవసరం లేదు. ఎర్త్ లేనిచోట ఆ బాడీ ఫేజ్‌తో మౌనంగా ఎదురుచూస్తుంది. మొదట తాకిన మనిషే లీకేజీకి దారి అవుతాడు. పరికరం తెంచుతుంది గాని, ఆ కొద్ది మిల్లీ సెకన్ల దెబ్బ అతనికి తగులుతుంది. నిచ్చెన మీద ఉన్నవారు ఆ అదురుకే పడిపోవచ్చు.

ఎర్తింగ్ ఉండి, లీకేజీ పరికరం లేకపోయినా చిక్కే. ఎర్త్ గుంత నిరోధం 50 ఓమ్‌లు ఉన్నచోట బాడీకి ఫేజ్ తగిలితే ప్రవహించేది 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని పట్టించుకోదు, బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజి గంటల తరబడి నిలిచిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల పరికరానికి మాత్రం అదే కరెంటు నూటయాభై రెట్లకు పైమాట. నేల నిరోధం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ రెండింటి జోడీకి విలువ ఇక్కడే ఉంది.

పట్టుకోలేనివి

చెక్క బల్ల మీద నిలబడి ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్న మనిషి ఈ పరికరం లెక్కలో మామూలు లోడు. వెళ్లినదంతా తిరిగి వస్తోంది, తేడా లేదు. చేతి నుంచి చేతికి వెళ్లే కరెంటు ఛాతీ గుండానే పోతుంది కాబట్టి ఇది చిన్న మినహాయింపు కాదు. సాకెట్ రంధ్రాల్లోకి ఏమీ దూరకుండా చేసే షట్టర్ల ప్రాముఖ్యం ఇక్కడ తెలుస్తుంది. బ్రిటన్ 1947 నుంచి వాడుతున్న సాకెట్‌లో పొడవైన ఎర్త్ పిన్ ముందు లోపలికి వెళ్లి మిగతా రెండు రంధ్రాల మూతలను తెరుస్తుంది. అమెరికా 2008లో ఇళ్లకు తప్పనిసరి చేసిన రకంలో రెండు రంధ్రాలనూ ఒకేసారి నొక్కితేనే మూతలు జరుగుతాయి, పిల్లలు ఒక మేకును దూరిస్తే తెరుచుకోవు.

ఇంకో పరిమితి డీసీ, అంటే ఒకే దిశలో ప్రవహించే కరెంటు. ఇన్వర్టర్ ఏసీలు, కొత్త వాషింగ్ మెషీన్లు, కార్ల ఛార్జర్ల లోపల ఏసీని డీసీగా మార్చే సర్క్యూట్లుంటాయి. వాటి నుంచి డీసీ లీకైతే కోర్ నిండిపోయినట్టై, ఆ తరువాత వచ్చే ఏసీ లీకేజీని కూడా గుర్తించలేదు. ‘ఏసీ’ రకం పరికరం మామూలు ఏసీ లీకేజీనే చూస్తుంది, ‘ఏ’ రకం ఎగుడుదిగుడు డీసీని కూడా పట్టి 6 మిల్లీ ఆంపియర్ల స్థిర డీసీని తట్టుకుంటుంది, ‘బీ’ రకం స్థిర డీసీని కూడా గుర్తిస్తుంది. విద్యుత్ వాహనాల ఛార్జింగ్‌కు ‘బీ’ రకాన్ని గాని, 6 మిల్లీ ఆంపియర్ల డీసీని కనిపెట్టే ఏర్పాటుతో ‘ఏ’ రకాన్ని గాని అడగడం ఇందుకే.

ఊరికే పడిపోతోందని తీసేస్తే

ఈ పరికరాలకు అసలు శత్రువు విసుగు. పదే పదే ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేయడం జరుగుతూ ఉంటుంది. ట్రిప్ కావడానికి మాత్రం దాదాపు ఎప్పుడూ కారణం ఉంటుంది. కంప్యూటర్లు, ఎల్ఈడీ డ్రైవర్ల వంటి వాటిలోని ఫిల్టర్ కెపాసిటర్లు నిరంతరం కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి వదులుతాయి. ఇటువంటివి ఎన్నో ఒకే పరికరం కింద చేరితే మొత్తం పరిమితి దగ్గరకు చేరుకుంటుంది. సహజ లీకేజీ పరిమితిలో 30 శాతం, అంటే 9 మిల్లీ ఆంపియర్లు దాటకుండా సర్క్యూట్లను విడదీయాలని బ్రిటన్ వైరింగ్ నియమాలు చెబుతాయి. చాలాకాలం వాడని గీజరు హీటింగ్ ఎలిమెంటులో తేమ చేరడం మరో కారణం. రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు ఎక్కడో కలిసిపోవడం వైరింగ్ తప్పుల్లో తరచుగా కనిపించేది, ఇన్వర్టర్ అమర్చిన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

కారణాన్ని వెతికేటప్పుడు స్విచ్‌లు కట్టేస్తే చాలదు, ప్లగ్గులు పీకాలి. మామూలు స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది. వస్తువు లోపల న్యూట్రల్ బాడీకి తగిలి ఉంటే స్విచ్ కట్టేసినా ఆ దారి మిగిలే ఉంటుంది, ఇంట్లో మరెక్కడో లోడు పెరిగినప్పుడు పరికరం పడిపోతుంది. మిక్సీ వేస్తే పడిపోయిందని మిక్సీని మార్చిన తరువాత కూడా సమస్య పోని ఇళ్లలో తప్పు తరచుగా ఇటువంటి మరో మూలన ఉంటుంది.

టెస్ట్ బటన్ చెప్పేది, చెప్పనిది

ప్రతి లీకేజీ పరికరం మీదా ‘టీ’ అనో ‘టెస్ట్’ అనో రాసిన బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే లోపలి ఒక నిరోధకం కోర్‌ను తప్పించి కొంత కరెంటును ఫేజ్ నుంచి న్యూట్రల్‌కు పంపుతుంది, అంటే పరికరానికి నిజమైన తేడానే చూపిస్తుంది. ట్రిప్ అయితే కోర్, రిలే, కాంటాక్టులు పనిచేస్తున్నట్టు. ఎర్తింగ్ బాగుందో లేదో, 40 మిల్లీ సెకన్లలోపు తెగిందో లేదో అది చెప్పదు. ట్రిప్ కాలాన్ని కొలవడానికి ఎలక్ట్రీషియన్ల దగ్గర ప్రత్యేకమైన టెస్టర్ ఉంటుంది.

ఏళ్ల తరబడి కదలని యంత్రాంగంలో గ్రీజు గట్టిపడి భాగాలు అతుక్కుపోవచ్చు కాబట్టి, బటన్ నొక్కడం పరీక్షే కాకుండా వ్యాయామం కూడా. అమెరికాలో జీఎఫ్‌సీఐలను నెలకొకసారి, బ్రిటన్‌లో ఆర్‌సీడీలను (లీకేజీ రక్షణ పరికరాలకు అక్కడి ఉమ్మడి పేరు) ఆరు నెలలకొకసారి పరీక్షించమంటారు. ఎవరూ నొక్కరన్న అనుభవంతోనే 2015 నుంచి అమెరికా ప్రమాణం, జీఎఫ్‌సీఐ తనను తాను పరీక్షించుకునే ఏర్పాటును తప్పనిసరి చేసింది.

జీఎఫ్‌సీఐ సాకెట్ విషయంలో బటన్ టక్కుమన్నంత మాత్రాన సరిపోదు, ఒక దీపాన్ని అందులో పెట్టి వెలిగించి నొక్కాలి. సరఫరా వచ్చే వైర్లనూ ముందుకు వెళ్లే వైర్లనూ తారుమారుగా బిగించిన పాత సాకెట్‌లో బటన్ శబ్దం చేసి ట్రిప్ అయినట్టే కనిపిస్తుంది, దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది.